నేలమీది బ్యాటరీ చరిత్ర

రేడియో తరంగములచే నడుపబడు నమూనా విమానము ఆకాశమున తిరుగుచున్నంతసేపు చూపరుల కన్నులన్నియు పైకే లగ్నమై యుండును. దాని రెక్కల తీరును, ఇంజను ధ్వనిని, అది చుట్టు వలయముల సొంపును గూర్చి ముచ్చటింపని వారుండరు. కాని ఆ విమానపు ప్రతి చలనమును శాసించు శక్తి నేలమీద నిలిచిన మనుష్యుని చేతిలోని ట్రాన్స్‌మిటరు అను పెట్టెయందు, ఆ పెట్టె వెనుక మూతమాటున, ప్లాస్టికు తొడుగులో చుట్టబడిన కొన్ని సెల్లులయందు దాగియున్నది. ఇంజను ఆగిపోయినను విమానము గాలిలో తేలుచు క్షేమముగ దిగవచ్చును. ట్రాన్స్‌మిటరు బ్యాటరీ ఆగిపోయినచో మాత్రము అది ఎవరి మాటయు వినని వస్తువై, ఎచట పడునో తెలియక, క్రిందనున్నవారి ప్రాణములకు సైతము ముప్పు తెచ్చును. ఇంతటి బాధ్యత వహించిన ఈ చిన్న వస్తువును గత ఎనుబదియేండ్లకు పైబడిన కాలమున మనుష్యులు ఎట్లెట్లు ఎన్నుకొనుచు వచ్చిరో తెలిసికొనుట, ఈ విద్యయందు నూతనముగ ప్రవేశించువారికి ఆవశ్యకమని నా విశ్వాసము. బ్యాటరీ కొనువారు సాధారణముగ దానిపై అచ్చువేసిన అంకెను చూచి అది పెద్దదైనచో తృప్తిపడుదురు. చరిత్రను చూడగా, ఎంతసేపు పనిచేయును అను ప్రశ్నకంటె, శక్తి ఉడుగుచున్న సంగతిని ముందుగ తెలియజేయునా, పనిలేని దినములలో తనలోని శక్తిని నిలుపుకొనునా అను రెండు ప్రశ్నలే మంచి బ్యాటరీని చెడు బ్యాటరీనుండి వేరుచేయుచు వచ్చినవి.

ఈ విద్యకు ఆదికాలము 1930 దశకము. 1937 లో అమెరికాయందలి డెట్రాయిట్ నగరమున జరిగిన జాతీయ నమూనా విమానముల పోటీలలో రేడియో నియంత్రణ ఒక విభాగముగ మొదటిసారి చేర్చబడెను. ఆ సంవత్సరముననే మిచిగన్ రాష్ట్రములోని కలమజూ పట్టణమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు ఎనిమిదడుగుల రెక్కలుగల తమ ‘గఫ్’ విమానమును రేడియోచే నడిపి చూపిరి. పిమ్మట జాతీయ పోటీలయందు అనేక పర్యాయములు విజయము పొందిన ఆ విమానము 1960 లో స్మిత్సోనియన్ సంస్థకు దానముగ ఇయ్యబడెను.

ఆ దినములలో ట్రాన్స్‌మిటరు చేత పట్టుకొనదగిన వస్తువు కాదు. పెట్టెను నేలమీద నిలిపి, నిలువెత్తు ఏరియలును దానికి బిగించి, తీగచివర నుండు ఒక్క మీటను నొక్కుచు విడుచుచు విమానమును త్రిప్పుచుండిరి. లోపలివి గాజు వాల్వులు. వాని ఫిలమెంటులను వెలిగించుటకు ఒకటిన్నర వోల్టు సెల్లు చాలును గాని, ప్లేట్లకు మాత్రము 90 వోల్టులో 135 వోల్టులో కావలసియుండెను. అంత వోల్టేజి కొఱకు పలుచని పొడిసెల్లులను దొంతరగ పేర్చి అట్టపెట్టెయందు మూసిన బ్యాటరీలు అంగళ్ళలో దొరకుచుండెను, 67.5 వోల్టుల బ్యాటరీయందు నలుబదియైదు సెల్లులుండును, అట్టివి రెండు కలిపినచో 135 వోల్టులు వచ్చును. ఇవన్నియు 1866 లో ఫ్రెంచి దేశస్థుడు జార్జి లెక్లాంషే నిర్మించిన సెల్లుయొక్క సంతతి. మన నెల్లూరున తయారై ఇంటింట టార్చిలైట్లను వెలిగించిన నిప్పో సెల్లును ఈ వంశములోనిదే.

పొడిబ్యాటరీ ఖరీదుగలది, ఒకసారి అయిపోయిన పిమ్మట పారవేయవలసినది. ఐనను దానియందొక సుగుణము కలదు. అది క్రమక్రమముగ క్షీణించును. నేడు పూర్ణబలముతోనున్నది రేపు కొంచెము నీరసించును, ఆపైవారము మరికొంత నీరసించును. ఒకడు ట్రాన్స్‌మిటరుకడ నిలిచి మీటను నొక్కుచుండగా, మరియొకడు విమానమును చేతబట్టుకొని మైదానమున దూరదూరముగ నడచిపోవుచు, ఎంతదూరమువరకు చుక్కాని కదలుచున్నదో చూచుట అలవాటుగ నుండెను. ఆ దూరము మునుపటికంటె వంద అడుగులు తక్కువైనచో బ్యాటరీ మార్పవలెనని తెలిసికొనుచుండిరి. బ్యాటరీని అంత దూరమునుండి నడకతో కొలిచిన ఆ ఆచారము, సరిక్రొత్త యంత్రములు వచ్చిన నేటికిని, ఎగురుటకు ముందు చేయవలసిన పరీక్షగ నిలిచియున్నది.

మరల మరల ఛార్జి చేసికొనదగిన బ్యాటరీ అప్పటికే లోకమున లేకపోలేదు. గాస్టన్ ప్లాంటే 1859 లోనే సీసపు బ్యాటరీని నిర్మించియుండెను. కాని రెండేసి వోల్టులిచ్చు సీసపు సెల్లులతో 135 వోల్టులు సంపాదింపవలెనన్న అరువదెనిమిది సెల్లులు పేర్పవలెను, వానిలోని ఆమ్లమును మోయవలెను. కొందరు మోటారుసైకిలు బ్యాటరీని తెచ్చి, వైబ్రేటరు అను సాధనముచే దాని ఆరు వోల్టులను నూటికి పైగ పెంచి వాడుకొనిరి. అది సమర్థులకు మాత్రము సాధ్యమైన పని. తక్కినవారికి పొడిబ్యాటరీయే గతి.

మార్గము మరియొక దిక్కునుండి వచ్చెను. 1899 లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ యుంగ్నర్, నికెలును కాడ్మియమును రెండు పలకలుగ చేసి, పొటాషు క్షారద్రవమున నిలిపి, దీర్ఘకాలము మన్నునట్టి నూతన బ్యాటరీని నిర్మించెను. సీసపు బ్యాటరీవలె ఇది ఖాళీగ నుంచినంతమాత్రమున చెడిపోదు, మోటుతనమును సహించును, చలికి లొంగదు. కాని ఛార్జి చేయునపుడు వాయువులు వెలువడుచుండుటచే దానిని మూసివేయుటకు వీలులేకపోయెను. 1932 లో లోహపు పొడిని కాల్చి అతికించిన సచ్ఛిద్రమైన పలకలు వాడుకలోనికి వచ్చుటతో దాని శక్తి పెరిగెను. 1947 లో ఫ్రాన్సునందు గెయోర్గ్ నాయ్మన్ ఈ సెల్లును పూర్ణముగ మూసివేయు ఉపాయమును సాధించెను. కాడ్మియపు పలకను నికెలు పలకకంటె పెద్దదిగ చేసినచో, ఛార్జి మితిమీరినపుడు ప్రాణవాయువు మాత్రమే పుట్టి, అది అవతలి పలకకు చేరి కాడ్మియముతో కలిసి లోలోపలనే లయించును. కావున సెల్లు పగులదు, ద్రవము ఎండదు. రేకుడబ్బీలో బంధింపబడి, ఎటు త్రిప్పినను కారని, వందలకొలది పర్యాయములు ఛార్జి చేయదగిన సెల్లు మనుష్యుని చేతికి వచ్చినది దీనివలననే. తెలుగుదేశమునకు ఈ వంశముతో ప్రత్యక్ష సంబంధము కలదు: హైదరాబాదున స్థాపితమై కొంతకాలము హెచ్‌బీఎల్ నైఫ్ అను పేర నడచిన సంస్థ విమానములకును రైళ్ళకును వలయు నికెల్-కాడ్మియం బ్యాటరీలను తయారుచేసెను, నైఫ్ అనునది యుంగ్నర్ పేర స్వీడనున నడచిన సంస్థయొక్క వ్యాపారనామము.

సెల్లు సిద్ధమైనను వాల్వులున్నంతకాలము దానికి నమూనా విమానములలో ప్రధానస్థానము దొరకలేదు. ట్రాన్సిస్టరు వచ్చి ఆ కొరతను తీర్చెను. ప్లేటు వోల్టేజి అవసరము నశించి, తొమ్మిది పది వోల్టులతో ట్రాన్స్‌మిటరంతయు నడచు కాలము వచ్చినపుడు, ఒక్కొక్కటి 1.2 వోల్టులిచ్చు నికెల్-కాడ్మియం సెల్లులు ఎనిమిది వరుసగ కలిపి 9.6 వోల్టులు పొందుట సులభమయ్యెను. యూరపునందు జర్మనీ దేశపు డీయాక్ సంస్థ చేసిన గుండీ ఆకారపు సెల్లులు ఎంత ప్రసిద్ధి పొందెననగా, 1960 దశకమున ఇంగ్లండు క్రీడాకారులు ఛార్జి చేయదగిన ఏ బ్యాటరీనైనను డీయాకనియే పిలుచుచుండిరి. ఆ దశకముననే, మీట నొక్కిన పూర్తిగ తిరుగుట లేనిచో తిరుగకుండుట అను పాతపద్ధతి పోయి, చేతికర్ర ఎంత కదలిన చుక్కాని అంత కదలునట్టి ప్రొపోర్షనల్ పద్ధతి నెలకొనెను. ఆకాశవిన్యాసములకు మొదటి ప్రపంచ పోటీ 1960 లో జ్యూరిక్ నగరమున జరుగగా, 1967 లో కోర్సికా ద్వీపమున జరిగిన పోటీలో జయమందిన ఫిల్ క్రాఫ్ట్ తాను స్వయముగ రేడియో యంత్రములు తయారుచేయువాడు. అతని సంస్థయు, తరువాత వచ్చిన జపాను సంస్థలును, ట్రాన్స్‌మిటరుకు ఎనిమిది సెల్లులు, విమానములోని రిసీవరుకు నాలుగు సెల్లులు అను విభాగమును స్థిరపరచినవి. ఆ విభాగము ఇంచుమించు నలుబదియేండ్లు చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. రిసీవరు బ్యాటరీ ఆకాశమున మోయవలసిన బరువు. అందు ప్రతి తులమును లెక్కయే. ట్రాన్స్‌మిటరు బ్యాటరీ నేలమీద నిలుచునది. మెడకు తగిలించుకొను పట్టీ ఉన్నచో మరి నూరు గ్రాములు హెచ్చినను భారము తోచదు. కావున తేలికదనము కొఱకు ట్రాన్స్‌మిటరు బ్యాటరీని మార్చుట అర్థములేని పని. ఈ భేదమును గుర్తింపకయే నేడు అనేకులు విమానమునకు తగిన బ్యాటరీని ట్రాన్స్‌మిటరులో చొప్పించుచున్నారు.

నికెల్-కాడ్మియం యుగమున ఒక నియమబద్ధమైన ఆచారము పుట్టెను. సెల్లులశక్తి 500 లేక 600 మిల్లియాంపియరు గంటలు. అందు పదియవవంతు కరెంటుతో, అనగా 50 లేక 60 మిల్లియాంపియర్లతో, పదునాలుగు గంటలు ఛార్జి చేయవలెను. పది గంటలు చాలకపోవుటకు కారణము ఎక్కించిన శక్తిలో కొంత వ్యర్థమగుటయే. ఆదివారము ఉదయమున ఎగురవేయువాడు శనివారము సాయంకాలముననే గోడకు తగిలించు చిన్న ఛార్జరును పెట్టి, ట్రాన్స్‌మిటరుకు ఒకటి, రిసీవరుకు ఒకటిగ నున్న రెండు ఎఱ్ఱదీపములు వెలుగుచున్నవా లేదా యని చూచి మరి నిద్రించును. దీపము వెలుగకున్నచో ఎక్కడనో తీగ తెగినదన్నమాట. కరెంటు అంత అల్పమగుటచే రెండుమూడు గంటలు అధికమైనను సెల్లు తనను తాను కాపాడుకొనును. తొందరపాటునకు తావులేని ఈ పద్ధతి, నా దృష్టిలో, ఈ క్రీడచరిత్రలో అత్యంత క్షేమకరమైనది. తెల్లవారునప్పటికి బ్యాటరీ నిండియున్నదని యజమాని నిశ్చయముగ నమ్మగలిగెను.

ఆ నిశ్చయము ఉదయమునకే పరిమితము. సాయంకాలమునకు ఎంత మిగిలినది అను ప్రశ్నకు ఈ సెల్లు సమాధానము చెప్పదు. నిండియున్నపుడు ఒక్కొక్కటి 1.4 వోల్టుల దాపున నుండి, త్వరలోనే 1.25 కు దిగి, పిమ్మట తన ఆయువులో అధికభాగము ఇంచుమించు ఆ మట్టముననే నిలిచి, 1.1 దాటినంతనే కొండచరియనుండి జారినట్లు పడిపోవును. పొడిసెల్లుకు అలవాటుపడినవారు ఇందుచేతనే మోసపోయిరి; నాలుగుసార్లు బాగుగ ఎగిరినది, ఐదవసారియు ఎగురునని తలచిరి. అంతకంటె అపాయకరమైన సంగతి మరియొకటి కలదు. వరుసలో ఎనిమిది సెల్లులున్నపుడు అన్నియు సమానముగ ముసలివికావు. బలహీనమైన ఒక సెల్లు ముందుగ ఖాళీయైనచో, తక్కిన ఏడును తమ కరెంటును దాని గుండ త్రోసి, దాని ధ్రువములనే తారుమారుచేయును. మొత్తము వోల్టేజి ఒక్కసారి తగ్గును. పెట్టె తెరచి ఒక్కొక్క సెల్లును విడిగ కొలిచినగాని దోషి యెవ్వరో తెలియదు.

ఈ కష్టమునకు విరుగుడుగ రెండు సాధనములు వచ్చినవి. మొదటిది, సున్నానుండి గాక, అవసరమైన ఒకటిరెండు వోల్టుల మేరను మాత్రమే అద్దమంత వెడల్పున చూపు వోల్టుమీటరు. ఇది బ్యాటరీకి కొంత కరెంటుభారము పెట్టి కొలుచును. భారము లేక కొలిచిన వోల్టేజి ముసలి బ్యాటరీని సైతము యువకునిగ చూపును. ఎనిమిది సెల్లులకు 8.8 వోల్టులు హద్దు. అంతవరకు దిగినచో ఆనాటికి ఎగురుట చాలింపవలెను. రెండవది, బ్యాటరీని నిండుగ ఛార్జి చేసి, నియతమైన కరెంటుతో ఖాళీచేయుచు, ఎన్ని నిమిషములు నిలిచెనో లెక్కపెట్టు యంత్రము. శ్రద్ధగలవారు ఋతువు ప్రారంభమున ఈ పరీక్షచేసి, ఫలితమును బ్యాటరీమీదనే కాగితము అంటించి వ్రాసియుంచిరి. అచ్చువేసిన శక్తిలో ఐదింట నాలుగువంతులకు తగ్గిన బ్యాటరీని తీసివేయుట వారి నియమము. ఈ నియమము నేటికిని పాటింపదగినది.

బ్యాటరీ ఉత్తమమైనను దాని తీగ చెడవచ్చును. నికెల్-కాడ్మియం బ్యాటరీని చాలకాలము ఖాళీగ నుంచినప్పుడును, స్విచ్చి మరచి వేసియుంచినప్పుడును, లోపలి క్షారము ఋణధ్రువమునుండి ప్రాకి నల్లతీగలోని రాగిని తినివేయును. పైతొడుగు నిగనిగలాడుచునేయుండును. కనెక్టరుకడ కొంచెము ఒలిచి చూచినచో ఎఱ్ఱని రాగి స్థానమున బొగ్గువన్నె పోగులు కనబడును. వానిని వంచిన తునుగును, టంకము పెట్టబోయిన అంటుకొనదు. అట్టి తీగ మీటరుకు మంచి వోల్టేజి చూపి, కరెంటు అడిగినపుడు మాత్రము మొండికేయును. సెల్లు మూతచుట్టు తెల్లని పొడి పేరుకొనుటయు ఈ వ్యాధికి మరియొక చిహ్నము. పాత ట్రాన్స్‌మిటరును కొనువారు బ్యాటరీ మార్చి ఊరకొనక, ఆ తీగను స్విచ్చివరకు పరిశీలింపవలెను.

నికెల్-కాడ్మియమునకు జ్ఞాపకశక్తి కలదనియు, సగము వాడి ఛార్జి చేసిన ఆ సగమునకే అలవాటుపడుననియు ఒక ప్రచారము బలముగ వ్యాపించెను. భూమిచుట్టు తిరుగు ఉపగ్రహములలో, ప్రతి ప్రదక్షిణమునను ఒకే కొలతచొప్పున వాడబడి ఛార్జి చేయబడిన సెల్లులయందు ఇట్టి లక్షణము కనబడినమాట నిజము. నమూనా విమానపు యజమాని ఒక ఆదివారము రెండుసార్లు, మరియొక ఆదివారము ఆరుసార్లు ఎగురవేయును. అంతటి క్రమము అతని వాడుకలో లేదు. అతడు చూచిన నీరసమునకు అధికముగ కారణము దినముల తరబడి ఛార్జరుకు తగిలించి మరచిపోవుటయే. ఈ అపోహచే ప్రతిసారి బ్యాటరీని అట్టడుగువరకు ఖాళీచేసి, ధ్రువములు తారుమారై, మంచి బ్యాటరీలను చెఱుపుకొన్నవారు అనేకులు.

కాడ్మియము విషలోహము. జపానునందలి జింజూ నదీతీరమున ప్రజల ఎముకలను గుల్లచేసిన ఇతాయి-ఇతాయి వ్యాధికి గనులనుండి నదిలో చేరిన కాడ్మియమే కారణమని ఆ దేశప్రభుత్వము 1968 లో అంగీకరించెను. కాడ్మియమునకు బదులు ఉదజనిని తనలో ఇముడ్చుకొను లోహమిశ్రమమును వాడు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు 1989 ప్రాంతమున అంగళ్ళకు వచ్చినపుడు అందఱు సంతోషించుట సహజము. వోల్టేజి అదే, అదే కొలత రేకుడబ్బీయందు శక్తి రెండింతలు, మూడింతలు. 600 ఉన్నచోట 1500, 2000, 2500 అను అంకెలు వెలసినవి. అంకెలపోటీ మొదలైనది ఇక్కడనే, క్రీడాకారుడు పొరపడినదియు ఇక్కడనే. ఈ సెల్లు ఊరకయుండగనే, చిల్లికుండలోని నీరువలె, నెలకు నాల్గవవంతో మూడవవంతో శక్తిని కోల్పోవుచుండెను. డబ్బీలో అధికశక్తి ఇమిడించుటకై లోపలి తెరలను పలుచనచేసిన పెద్ద అంకెల సెల్లులు మరింత త్వరగ ఖాళీయగుచుండెను. గడచిన వారము ఛార్జి చేసితినని నమ్మి మైదానమునకు వచ్చినవాడు సగము ఖాళీయైన బ్యాటరీతో విమానమును లేపుచుండెను.

ఛార్జరులును మొరాయించినవి. శీఘ్రముగ ఛార్జి చేయు యంత్రములు సెల్లు నిండినపుడు వోల్టేజి కొంచెము పెరిగి మరల తగ్గుటను కనిపెట్టి ఆగును. నికెల్-కాడ్మియమున స్పష్టముగ కనబడు ఆ తగ్గుదల నూతన సెల్లులో సెల్లుకు కొన్ని మిల్లివోల్టులు మాత్రమే. పాత ఛార్జరు దానిని గుర్తింపలేక సెల్లులను కాల్చివేయుచుండెను. ఇంతేకాక, ట్రాన్స్‌మిటరు ఛార్జింగు రంధ్రమువెనుక అనేక సంస్థలు ఒక డయోడును అమర్చినవి. మధ్యసూది ఒక సంస్థవారికి ధనధ్రువము, మరియొక సంస్థవారికి ఋణధ్రువము అగుటచే, తప్పు ఛార్జరు తగిలించినను ముప్పు రాకుండుటకు ఆ డయోడు రక్ష. కాని తెలివిగల ఛార్జరు బ్యాటరీ నిజస్థితిని చదువుటకు అదియే అడ్డు. కావున బ్యాటరీని వెలికితీసి నేరుగ ఛార్జి చేయుట మేలు.

2005 నవంబరున జపానునందు సాన్యో సంస్థ విడుదలచేసిన ఎనెలూప్ సెల్లు ఈ కథను సరియైన త్రోవకు మరలించెను. దాని అంకె 2000 దాపున నుండెను. అప్పటికే అంగడిలో అంతకంటె పెద్ద అంకెలుండెను. అది ప్రతిజ్ఞచేసినది వేరు: ఛార్జి చేసి ఒక సంవత్సరము ప్రక్కన పెట్టినను నూటికి ఎనుబదియైదు పాళ్ళు మిగులును. అంకెను కొంత త్యజించి నిలకడను సంపాదించిన ఈ సెల్లు ట్రాన్స్‌మిటరుకే పుట్టినదనదగును. ఆ కాలముననే 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియోలు వచ్చి, పాత రేడియోలకంటె తక్కువ కరెంటుతో పనిచేయసాగుటచే, ఒక ఛార్జితో రెండు మూడు ఆదివారములు గడుపగలుగుట సామాన్యమయ్యెను.

లిథియం-అయాన్ సెల్లులు 1991 లో సోనీ సంస్థచే వర్తకమునకు వచ్చి, 2000 తరువాత విద్యుత్తుతో ఎగురు విమానములకు అద్భుతమైన బలమునిచ్చినవి. వానిని ట్రాన్స్‌మిటరులో పెట్టు విషయమున లెక్క చూడవలెను. మూడు లిథియం-పాలిమర్ సెల్లులు నిండినపుడు 12.6 వోల్టులగును, ఎనిమిది నికెలు సెల్లులు నిండినను పదకొండున్నరకు మించవు. ఆ అధికవోల్టేజిని పాత యంత్రములోని రెగ్యులేటరు వేడిగ మార్చి సహింపవలసి వచ్చును. మూడు లిథియం-ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు నిండినపుడు 10.8, వాడుకలో 9.9 వోల్టులతో చక్కగ సరిపోవును, ఊరకయున్నను ఖాళీకావు. ఐతే వాని వోల్టేజి తుదివరకు ఇంచుమించు కదలక, తుదియందు హఠాత్తుగ కూలును. నికెలు సెల్లుల మట్టమునకు ట్రాన్స్‌మిటరులో పెట్టిన హెచ్చరికగంట మ్రోగునప్పటికి వ్యవధి మిగులదు. కావున గంటమట్టమును పైకి మార్చుకొనుటయు, విమానకాలమును గడియారముతో లెక్కించుటయు ఆవశ్యకము. ఏ లిథియము బ్యాటరీనైనను పాత గోడఛార్జరుతో, ట్రాన్స్‌మిటరు రంధ్రముగుండ, రాత్రియంతయు ఛార్జి చేయరాదు. అది అగ్నిప్రమాదమునకు దారి. లిథియము కొఱకే నిర్మింపబడిన నూతన ట్రాన్స్‌మిటరులకు ఈ చిక్కులు లేవు.

ఎనిమిది సెల్లుల పాత ట్రాన్స్‌మిటరు కలవానికి, శక్తి నిలుపుకొను నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులే నేటికిని ఉత్తమమని నా నిర్ణయము. ఒకే దినమున కొన్నవి, ఒకే రకమువి ఎనిమిది తీసికొని, స్ప్రింగుపెట్టెలో ఇరికింపక టంకముతో గట్టిగ అతికిన కట్టను కొని, తక్కువ కరెంటుతో నిదానముగ ఛార్జి చేసి, సంవత్సరమున కొకసారి ఖాళీచేసి నిమిషములు లెక్కింపవలెను.

చివరగ పాఠకులకు ఒక మనవి. పాత ట్రాన్స్‌మిటరులనుండి తీసిన నికెల్-కాడ్మియం కట్టలు మన ఇండ్ల అటకలమీదను, పాఠశాలల బీరువాలలోను ఇంకను అనేకము మిగిలియున్నవి. మన దేశమున 2001 నాటి నియమములు సీసపు బ్యాటరీలకే పరిమితమై యుండెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు చిన్న బ్యాటరీలను సైతము చేర్చి, వానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారుచేసినవారిపై ఉంచినవి. ఆ కట్టలను చెత్తకుప్పలో వేయకుడు, కాల్పకుడు. ధ్రువములకు టేపు అంటించి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను స్వీకరించు కేంద్రమునకు అప్పగింపుడు.